మన పాటను ఎవరు పాడవలెను?

పఠనము: ద్వితీయోపదేశకాండము 31:19-22, కొలొస్సయులకు 3:12-17, ఫిలిప్పీయులకు 1:15-18, యాకోబు 3:9-12.



గడచిన సంవత్సరపు చివరి దినములలో బర్కత్‌పురాలోని ఒక విశ్వాసి గృహమున జ్ఞాపకార్థ కూటము జరిగినది. ఆ యింటి పెద్దాయన ప్రభువునందు నిద్రించి అప్పటికి నలుబది దినములైనది. చిక్కడపల్లి నుండియు, అశోక్‌నగర్ నుండియు, నారాయణగూడ నుండియు బంధువులును సంఘస్థులును వచ్చి కూర్చుండిరి. కాపరిగారు దారిలో వాహనముల రద్దీలో చిక్కుకొని ఆలస్యమగుచుండగా, పెద్దాయన మనుమడు తన ఫోనును చిన్న స్పీకరుకు కలిపి, ఇది తాతయ్యకు ఎంతో ఇష్టమైన పాటయని చెప్పి, జిమ్ రీవ్స్ పాడిన "ప్రెషస్ లార్డ్" అను పాటను వినిపించెను. ఆ మెత్తని నిండు కంఠము గదియంతట వ్యాపించెను. కన్నులు తుడుచుకొననివారు లేరు. ఆ పాట ముగిసినది. దానంతట అదే మరియొక పాట మొదలైనది. దాని తరువాత ఇంకొకటి. మేమందరము వినుచుంటిమి గాని ఒక్కరమును నోరు తెరువలేదు. తెచ్చుకొన్న కీర్తనల పుస్తకములు ఒడిలో మూసియే యున్నవి.

అప్పుడు ఆ యింటి తల్లిగారు మనుమని దగ్గరకు పిలిచి, "ఆయన చాలా చక్కగా పాడాడు నాయనా. ఇంక కాస్త ఆపు. మీ తాతయ్య కోసం మనమే ఒక కీర్తన పాడుకుందాం" అనిరి. ఆమె వణకుచున్న గొంతుతో ఆరంభించిరి. శ్రుతి లేదు, తాళము వేయువారు లేరు. అయినను పల్లవి రెండవమారు వచ్చునప్పటికి గదిలోనివారందరును కలిసికొనిరి. సిగ్గుతోనే వ్రాయుచున్నాము: బాల్యమునుండి ఎరిగిన ఆ కీర్తన రెండవ చరణము మాకు నోటికి రాలేదు. పుస్తకము తెరచి చూడవలసి వచ్చినది.

కూటమైన పిమ్మట మెట్లు దిగుచుండగా ఒక పెద్ద, "సారా పాటలు పాడిన నోటితోనే పాడిన పాటలు ప్రార్థనాకూటములో ఎందుకండీ?" అని అడిగిరి. ఆ మనుమడు చిన్నబుచ్చుకొని, "పాటలో తప్పేముందండీ? యేసు ప్రభువు పాటే కదా" అనెను. ఇద్దరి మాటలోను కొంత సత్యమున్నది. ఈ నెల పాఠమునకు ఆ ప్రశ్ననే తీసికొనుచున్నాము.

1. ఈ పాటలు ఎక్కడ పుట్టినవి?

"కంట్రీ అండ్ వెస్టర్న్" అను సంగీతము అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రముల సేద్యగాండ్రది, కొండ ప్రాంతములవారిది, పశువుల కాపరులది. ఫిడేలు, బాంజో, గిటారు దాని వాద్యములు. 1925లో టెనెస్సీ రాష్ట్రములోని నాష్‌విల్ నగరపు రేడియోలో మొదలైన "గ్రాండ్ ఓల్ ఓప్రీ" కార్యక్రమము వలన అది దేశమంతట వినబడెను. 1943 నుండి 1974 వరకు ఆ కార్యక్రమము జరిగిన రైమన్ భవనము మొదట సంగీతశాల కాదు. సామ్ జోన్స్ అను సువార్తికుని ప్రసంగము విని మారుమనస్సు పొందిన థామస్ రైమన్ అను పడవల యజమాని పూనికతో అది 1892లో ఉజ్జీవకూటముల కొరకు కట్టబడిన ప్రార్థనా మందిరము. ఓప్రీ వినుటకు వచ్చిన జనులు కూర్చున్నది గుడి బల్లలమీదనే.

పాటల సంగతియు అట్టిదే. 1927లో బ్రిస్టల్ పట్టణమున మొదటిమారు రికార్డుకు పాడిన కార్టర్ కుటుంబము వర్జీనియా కొండల పల్లెవారు. మరణించిన తల్లిని గూర్చి వారు 1935లో పాడిన ప్రసిద్ధమైన పాట, అంతకు పూర్వము 1907లో ఏడా హబర్షన్ వ్రాసి చార్లెస్ గేబ్రియేల్ రాగము కట్టిన సంకీర్తనమునుండి వచ్చినది. అదే బ్రిస్టల్‌లో 1919లో పుట్టిన టెనెస్సీ ఎర్నీ ఫోర్డ్ గుడిలో పాడుచు పెరిగెను. బొగ్గుగని కూలివాని పాటతో 1955లో లోకప్రసిద్ధుడై, మరుసటి సంవత్సరమే "హిమ్స్" అను పేరుతో సంకీర్తనల రికార్డు వెలువరించెను. తన టెలివిజన్ కార్యక్రమమును సంకీర్తనముతో ముగించుట ఆయన వాడుక.

కనుక ఈ గాయకులు సంఘము పాటను దొంగిలించుకొని పోయినవారని తలంపరాదు. వారు సంఘపు ఒడిలో పాట నేర్చిన పిల్లలు. బజారునకు పోయినప్పుడు నోటనున్న పాట వారితో కూడ పోయినది.

2. పాడిన నోరు ఎట్టిది?

పెద్దగారు అడిగిన ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఒక్క నోటనుండియే స్తుతియు శాపమును వచ్చుట తగదని యాకోబు భక్తుడు వ్రాసెను. ఒక్క ఊటలో తీపినీరును చేదునీరును కలిసి ఊరునా అని ఆయన అడుగుచున్నాడు.

హాంక్ విలియమ్స్ అను గాయకుని తల్లి బాప్టిస్టు గుడిలో ఆర్గన్ వాయించునది. ఆమె ప్రక్కన కూర్చుండి ఆ పిల్లవాడు పాట నేర్చెను. వెలుగును చూచితినని సాక్ష్యమిచ్చు "ఐ సా ద లైట్" అను పాటను ఆయనే కట్టెను. అది 1948లో వెలువడెను. నేటికిని ఎన్నో సంఘములలో దానిని పాడుదురు. కాని ఆయన జీవితము త్రాగుడుతోను, నొప్పులతోను, చెదరిన సంసారముతోను నిండినది. తోటి కళాకారిణి మిన్నీ పెర్ల్ ఒక జ్ఞాపకము చెప్పెను. 1952లో ఒకనాడు కారులో తామందరు ఈ పాటనే పాడుచుండగా ఆయన నడుమ ఆపి, తనకు ఏ వెలుగును కనబడుట లేదని దుఃఖముతో పలికెనట. 1953 జనవరి 1వ తేదీన, ఇరువదితొమ్మిదేండ్ల ప్రాయములో, కచ్చేరికి పోవుచు కారు వెనుక సీటులోనే ఆయన ప్రాణము విడిచెను. భూస్థాపన కూటమున ఆయన స్నేహితులు ఆ పాటనే పాడిరి.

ఈ సంగతిని మేము ఆయనకు తీర్పు తీర్చుటకు వ్రాయుటలేదు. తీర్పరి ఒక్కడే యున్నాడు. మన భయము మన నిమిత్తమే. ఆదివారమున ఎంత నిశ్చయముగల మాటలను మనము పాడుచున్నాము! సమస్తమును అర్పించితినని పాడి, కానుక పెట్టె దగ్గరకు వచ్చినప్పుడు చిల్లర వెదకుదుము. ఆమోసు ప్రవక్త కాలమున దేవుడు తన జనుల పాటలను ధ్వనియని త్రోసివేసెను. వారి రాగము చెడ్డదై కాదు, వారి వీధులలో న్యాయము లేకపోయినందున. గ్రామఫోను ప్లేటుమీది గాయకునికి ఏ పరీక్షయో గాయక బృందములో నిలిచిన మనకును అదే పరీక్ష.

అయితే మరియొక ప్రక్క ఫిలిప్పీ పత్రిక యున్నది. పౌలు బంధకములలో నుండగా కొందరు అసూయతో క్రీస్తును ప్రకటించిరి. పౌలు వారి తలంపులను మెచ్చలేదు, అయినను క్రీస్తు ప్రకటింపబడుచున్నందుకు సంతోషించెను. పాడినవాని బలహీనత పాటలోని సత్యమును అబద్ధము చేయలేదు. నీరు తెచ్చిన కుండకు బీట యున్నను దాహము తీర్చినది నీరే గదా.

జానీ క్యాష్ చరిత్రలో ఈ రెండును కనబడును. ఆయన అర్కన్సా రాష్ట్రములోని డయస్ అను చోట ప్రత్తిచేలలో పెరిగెను. ప్రసంగీకుడు కావలెనని కోరిన అన్న జాక్ 1944లో రంపపు ప్రమాదములో మరణించినప్పుడు ఆయనకు పండ్రెండేండ్లు. మొదట పాడించిన కంపెనీలో సంకీర్తనల రికార్డు చేయుటకు వీలుకాక, వేరొక కంపెనీకి మారి 1959లో తన కోరిక తీర్చుకొనెను. తరువాత మత్తు బిళ్ళలకు లోబడి ఎన్నో సంవత్సరములు పడుచు లేచుచు గడిపినట్లు ఆయనే చెప్పుకొనెను. 2003లో మరణించుటకు ముందు, శరీరము శిథిలమైన దినములలో, ఒక్క గిటారు మాత్రమే తోడుగా పదునైదు పాటలు పాడి యుంచెను. 2004లో విడిగా వెలువడిన ఆ రికార్డునకు "నా తల్లి కీర్తనల పుస్తకము" అని అర్థమిచ్చు పేరు పెట్టిరి. ఇంట తల్లి పాడిన చిరిగిన పుస్తకములోని పాటలే అవి. ఇంత పేరుగాంచిన మనుష్యుడు చివరకు చేయి చాచినది తల్లి పుస్తకమునకే.

3. గోడ దాటిన పాట

బర్కత్‌పురాలో మేము వినిన "ప్రెషస్ లార్డ్" జిమ్ రీవ్స్ కట్టినది కాదు. దానిని కట్టిన థామస్ డోర్సీ నల్లజాతివాడు, బాప్టిస్టు ప్రసంగీకుని కుమారుడు. యౌవనమున నాటకశాలలలోను పానశాలలలోను పియానో వాయించి బ్రదికినవాడు. 1932 ఆగష్టులో ఆయన ఉజ్జీవకూటములలో పాడుటకు సెయింట్ లూయీ నగరమునకు వెళ్ళియుండగా టెలిగ్రాము వచ్చెను. చికాగోలో ఆయన భార్య ప్రసవములో మరణించినది. బిడ్డయు దక్కలేదు. ఇంక దేవుని పాటలు కట్టనని కొన్నాళ్ళు కూర్చుండెను. పిదప ఒకనాడు పియానో ముందు కూర్చుండగా, పాత సంకీర్తనపు రాగమొకటి చేతికి తగిలి, తన చేయి పట్టి నడిపించుమని ప్రభువును వేడుకొను ఆ పాట పుట్టినది.

ఆ డోర్సీయే కట్టిన "పీస్ ఇన్ ద వ్యాలీ" అను పాటను తెల్లవాడైన రెడ్ ఫోలీ 1951లో రికార్డుకు పాడెను. అది ఇంటింట మ్రోగెను. ఆ దినములలో అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లవారును తెల్లవారును ఒక్క బడిలో చదువరాదు, ఒక్క బల్లపై భుజింపరాదు. మనుష్యులు కలిసి కూర్చుండని చోట పాట కలిసి కూర్చుండెను. దీనితోనే అన్యాయము తీరెనని చెప్పరాదు. పాటను ఇంటిలోనికి రానిచ్చి, పాట కట్టినవానిని వాకిట నిలిపిన పాపము ఆ దినములది.

మనకిది దూరదేశపు కథ కాదు. మన పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) బ్రాహ్మణ కుటుంబమున జన్మించి క్రీస్తును వెంబడించినవారు. వారి కీర్తనలను నూరేండ్లకు పైగా హృదయమునకు హత్తుకొని, పొలములోను గుడిసెలోను పాడి బ్రదికించినవారు మాల మాదిగ పల్లెల విశ్వాసులు. ఒకే కీర్తనను ఒకే బల్లమీద కూర్చుండి పాడుచున్నాము. సంబంధములు చూచునప్పుడు కులమడుగుచున్నామా? అడుగుచున్న యెడల మన పాటయే మనమీద సాక్ష్యము పలుకును. క్రీస్తు మధ్యగోడను పడగొట్టెనని ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయములో చదువుచున్నాము. పాట ఆ గోడను దాటినది, మనము ఇంకను దానిని ఎక్కి చూచుచున్నామేమో.

4. ఎవరి రాగము పరిశుద్ధము?

గిటారుతోను ఫిడేలుతోను పాడిన పాట భక్తికి తగదని కొందరందురు. జాన్ న్యూటన్ 1773 నూతన సంవత్సర దినపు ఆరాధన కొరకు వ్రాసిన "అమేజింగ్ గ్రేస్" పదములను నేడు మనమెరిగిన రాగముతో జతపరచినది 1835లో విలియమ్ వాకర్ అను అమెరికా దక్షిణదేశపు పాటల బోధకుడు. అది పల్లెజనుల నోట నలిగిన రాగము. ఆనాటి పల్లెరాగమే నేడు మనకు గుడి రాగమైనది.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి. కీర్తన తలపున రాగము, తాళము అని వ్రాసి యుండును. అవి మన దేశపు రాగములే, మన నేలమీది తాళములే. 1950లో మన నగరమున హెబ్రోను సహవాసమును ఆరంభించిన భక్తసింగ్ గారును చాపలమీద కూర్చుండి మన వాద్యములతో స్తుతించుటను ప్రోత్సహించిరి. 2000 సెప్టెంబరులో వారు ప్రభువునందు నిద్రించగా నారాయణగూడ సమాధుల తోటలోనే భూస్థాపన చేసిరి. ఇంకొక వింత చూడుడి. యేసును వెంబడింప నిశ్చయించుకొంటినని చెప్పు పాటను అమెరికా సంఘములు ఎంతో ప్రీతితో పాడును. వారి సంకీర్తనల పుస్తకములలో దాని రాగమునకున్న పేరు "అస్సాం". మన దేశపు ఈశాన్యమునుండి బయలుదేరిన రాగము సముద్రములు దాటి వారి సొత్తైనది.

షార్లట్ ఎలియట్ (1789-1871) అను దీర్ఘరోగి వ్రాసిన "జస్ట్ యాజ్ ఐ యామ్" జానీ క్యాష్ తల్లి పుస్తకపు పాటలలో నున్నది. ఉన్నవాడను ఉన్నట్లే ప్రభువు నొద్దకు వచ్చు ఆ భావమే మన పుస్తకములో "ఉన్న పాటున" అను కీర్తనలో మన రాగముతో వినబడును. భావమొక్కటే, ప్రభువొక్కడే. గిటారుతో వారు వచ్చిరి, హార్మనీతో మనము వచ్చితిమి. ఒకరి పాదరక్షలు చూచి మరియొకరు నవ్వుట తగదు.

5. వినుట వేరు, పాడుట వేరు

ఇప్పుడు ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాము. అపాయము జిమ్ రీవ్స్‌లో లేదు. ఆయన 1964 జూలై 31న విమాన ప్రమాదములో మరణించిన తరువాతను, ఈనాటివరకు, ఆయన స్వరము ఎందరినో ఓదార్చినది. 1963లో వెలువడిన ఆయన క్రిస్మస్ పాటలు మ్రోగనిదే డిసెంబరు వచ్చినట్లు తోచని ఇండ్లు మన నగరములో నేటికిని కలవు. అపాయమేమనగా, ఆయన పాడుచున్నాడు గనుక మనము పాడనక్కరలేదని మన యిండ్లు అనుకొనుటయే.

ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయమున దేవుడు మోషేకు ఒక పాటను వ్రాయుమని ఆజ్ఞాపించెను. వ్రాసి మందసములో భద్రపరచుమని చెప్పి ఊరకుండలేదు. ఇశ్రాయేలీయులకు నేర్పి వారి నోట ఉంచుమనెను. వారి సంతతివారు దానిని మరువక యుందురని పలికెను. పాటకు దేవుడు నియమించిన పెట్టె మనుష్యుని నోరు. కొలొస్సీ పత్రికలోను పౌలు సంకీర్తనలచేత ఒకనికొకడు బోధించుకొనుమనుచున్నాడు. ఒకడు పాడగా వేయిమంది వినుడని అచ్చట లేదు.

వినుటయు వ్యర్థము కాదు. ఫిలిప్పీ చెరసాలలో మధ్యరాత్రి పౌలు సీలలు పాడుచుండగా ఖైదీలు వినుచుండిరి. అయితే ఆ చీకటిలో వారికి పుస్తకము లేదు, దీపము లేదు, కాళ్ళు బొండలో బిగింపబడినవి. నోటనున్నదే వారికి దక్కినది. ఆసుపత్రి మంచముమీద మనకు అట్టి రాత్రి వచ్చినప్పుడు, ఫోను ఎత్తుటకు చేయి రానప్పుడు, మన నోట ఏమి మిగిలియుండును?

పైన చెప్పినవారిని మరల తలంచుకొనుడి. క్యాష్ వెనుక తల్లి. హాంక్ విలియమ్స్ ప్రక్కన తల్లి. కార్టర్ కుటుంబము పేరే కుటుంబము. రికార్డు ఫలము వంటిది. పాడు గృహము చెట్టు వంటిది. ఫలములు తినుచు చెట్టుకు నీరు పోయుట మానితిమేని, రాబోవు తరమునకు ఫలమెక్కడిది? ఆ బర్కత్‌పురా గృహమున మనుమడు తాతగారి పాటను ఫోనులో దాచుకొనెను, అది ప్రేమయే. నానమ్మగారు తన పాటను అతని నోట ఉంచిరి. ఆ రోజున ఆ బిడ్డ రెండు ఆస్తులు పొందెను. రెండవది ఎవరును తుడిచివేయలేనిది.

ఆ పెద్దగారికి మా ప్రత్యుత్తరము: ఆ పాటలను బహిష్కరింపనక్కరలేదండీ, పాడినవారి కొరకు జాలిపడుచు, మన కొరకు భయపడుచు విందము. ఆ మనుమనికి మా ప్రత్యుత్తరము: విను నాయనా, తప్పులేదు, కాని స్పీకరు ఆపిన తరువాత నీవును పాడుము.

ఈ నెల ఒక చిన్న పని పెట్టుకొందము. వారమునకు ఒక కీర్తన, చరణములన్నియు, గృహ ప్రార్థనలో పుస్తకము చూడకుండ పాడుటకు నేర్చుకొందము. ఇంటిలో వృద్ధులున్న యెడల వారికి వచ్చిన పాత కీర్తనలను వారి నోటినుండియే పిల్లలు నేర్చుకొందురు గాక. మేమును ఆ రెండవ చరణముతోనే మొదలుపెట్టితిమి.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. పుస్తకము లేకుండ, మొదటినుండి చివరవరకు, మీకు ఎన్ని కీర్తనలు వచ్చును? మీ పిల్లలకు ఎన్ని వచ్చును?
2. మీరు పాడుచున్న మాటలలో మీ జీవితము ఇంకను ఒప్పుకొనని మాట ఏది?
3. ఎవరి పాటను మీ యింటిలోనికి రానిచ్చి, ఆ మనుష్యుని వాకిట నిలిపితిరి?
4. మీ తల్లిగారు తరచు పాడిన కీర్తన ఏది? దానిని ఎవరికైనను నేర్పితిరా?

ప్రార్థన: ప్రభువా, మా నోట నీవుంచిన పాటను ఇతరులకు అప్పగించి మేము ఊరకున్నందుకు క్షమించుము. పాడి తొట్రిల్లినవారిని నీ కనికరమునకు అప్పగించుచున్నాము. మా పాటకు తగిన నడత మాకు దయచేయుము. మా యిండ్లలో మరల పాట వినబడునట్లు చేయుము. ఆమేన్.